అన్నం బల్లల మీద పియానో

మా పిన్ని ప్యో మల్సుక్ ఒక మాట అందంటే అనడమే, వెనక్కి తీసుకోవడం ఉండదు. అది ఆమె గొప్పతనమని ఊళ్ళో చాలామంది అంటారు. వాళ్ళెవరూ ఆమెతో ఒకే ఇంట్లో ఉండరు. ఎప్పుడో రేవు దగ్గర నూడుల్స్ హోటల్లో పులుసులో వెంట్రుక కనిపిస్తే, హోటలాయన "అది మీదేనేమో చూసుకోండి" అన్నాడట. మళ్ళీ ఈ గుమ్మం తొక్కనని లేచి వచ్చేసింది. ఆయన పోయాడు. కొడుకు నడుపుతున్నాడు. ఇప్పుడు మా సమ్‌చొన్‌పో ఊరు మొత్తం మీద నూడుల్స్ అంటే ఆ హోటలే. పిన్ని ఆ దారిన వెళ్ళాల్సొస్తే రోడ్డు దాటి అవతలి పక్కన నడుస్తుంది. నడక మాత్రం అక్కడ కొంచెం నెమ్మదిస్తుంది.

అందుకే ఆ వసంతంలో తన పియానో బడి పిల్లల తల్లులందరినీ కూర్చోబెట్టి ఆమె అన్న మాటకు నేను భయపడ్డాను. తల్లులు నవ్వారు. వాళ్ళు కొత్తవాళ్ళు.

"ఈ ఏడు కూడా మన పిల్లలు స్టేజీ మీద పాట మధ్యలో తలో దారీ పట్టి విడిపోతే పియానోలకు గుడ్డ కప్పి, బోర్డు దించేస్తాను. మా అక్క కొట్లో ఎండుచేపలు ఏరుకుంటూ కూర్చుంటాను" అంది.

ఆ అక్క మా అమ్మే. బజారులో ఎండుచేపల కొట్టు మాది. అమ్మకు నడుం పట్టేసినప్పుడు నేను హైస్కూలు మానేసి కొట్లో కూర్చున్నాను. కానీ నాకు కేకలు వెయ్యడం రాదు. పక్క కొట్లవాళ్ళు గొంతు చించుకుని పిలుస్తుంటే నేను చేపల్ని వరసగా సర్దుకుంటూ ఉండేదాన్ని. జనం నా ముందు నుంచే నడిచి పక్క కొట్టుకు పోయేవారు. అమ్మ లేచి తిరగగలిగిన రోజునే పిన్నిని పిలిచి, "దీన్ని తీసుకుపోవే. దీన్ని చూసి చేపలు కూడా సిగ్గుపడుతున్నాయి" అని అప్పగించింది. అప్పటినుంచి పిన్ని పియానో బడిలో ఉన్నాను. పిల్లల్ని వ్యాన్‌లోంచి దించడం, చేతులు కడిగించడం, చిన్నవాళ్ళకు ఏ వేలు ఎక్కడ పెట్టాలో చూపించడం నా పని. ఇంట్లో పిన్ని. బడిలో మాత్రం పిల్లల తల్లుల్లాగే 'ప్రిన్సిపాల్ గారూ' అనాలి. ఒకసారి మరిచిపోయి పిన్నీ అన్నాను. ఆమె వెనక్కి తిరిగి, "పిన్ని ఇంట్లో ఉంది" అంది.

మా భవనంలో కింద పందికాళ్ళు ఉడకబెట్టే హోటలు, దాని మీద టైక్వాండో బడి, దాని మీద మేము. మెట్లెక్కి వచ్చే పిల్లకు మొదట మాంసం వాసన, తర్వాత చెమట వాసన తగిలి, ఆ తర్వాత సంగీతం వినిపిస్తుంది. మా దగ్గర గదులన్నీ అల్మారాల్లా ఇరుకు. ఒక్కో గదిలో గోడకు ఆనించి ఒక పియానో. పిల్లలు గోడకు ముఖం పెట్టి కూర్చుని వాయిస్తారు. పక్క గదిలో ఎవరు ఏం వాయించినా చెవిన పెట్టకూడదు. "పక్కవాడి పాట విన్నావంటే నీ పాట పోయింది" అని చేరిన రోజునే ప్రతి పిల్లకూ పిన్ని చెబుతుంది. పిల్లలు ఇంకేదైనా మరిచిపోతారు గాని, దాన్ని మరవరు.

అలాంటి పిల్లల చేత ఏటా ఊరి కళాభవనంలో జరిగే పిల్లల కచేరీలో నాలుగు పియానోల మీద, పియానోకు ఇద్దరు చొప్పున, ఒకే పాట వాయింపించాలని పిన్ని కోరిక. అంతకు ముందటి ఏడు ఆ కోరిక తీర్చుకుంది. అది కవాతు పాట. మధ్యలో ఒకచోట అందరూ చటుక్కున ఆగి, కాసేపు నిశ్శబ్దంగా ఉండి, మళ్ళీ ఒక్కసారిగా ఎత్తుకోవాలి. ఆగడం బాగానే ఆగారు. ఎత్తుకోవడం మాత్రం ఏ పియానోకు ఆ పియానో ఎత్తుకుంది. అక్కడినుంచి నాలుగూ నాలుగు దారులు పట్టాయి. మొదటి పియానో పూర్తయ్యాక జనం చప్పట్లు కొట్టారు. రెండోది పూర్తయ్యాక మళ్ళీ కొట్టారు. అలా నాలుగుసార్లు. చివరిసారి బాగా గట్టిగా కొట్టారు, జాలిపడి. పిన్ని ఇంటికొచ్చి, ఆ హాల్లో ఏసీ గాలి మంచిది కాదని తేల్చింది.

ఈ ఏడు మళ్ళీ అదే పాట. వేరేది ఎంచుకోమని నేను మెల్లగా అన్నాను. పడినచోటే లేవాలంది.

లేచారు కూడా. రోజూ సాయంత్రం నాలుగు గదుల తలుపులూ తెరిచిపెట్టి, పిన్ని నడవాలో నిలబడి చెయ్యెత్తగానే ఎనిమిది మందీ ఎత్తుకునేవారు. ఒకరి ముఖం ఒకరికి కనపడదు, అందరికీ గోడే. అయినా ఒక్క మనిషి పదహారు చేతులతో వాయిస్తున్నట్టుండేది. నిశ్శబ్దం దగ్గర ఆగి, మళ్ళీ ఒక్కటిగా దూకేవారు. పిన్ని కళ్ళు మూసుకుని వినేది. సరిగ్గా ఆ సమయంలోనే కింద టైక్వాండో పిల్లలు నేలను దడదడలాడించేవారు. పిన్ని కళ్ళు తెరిచి, చెప్పులు వేసుకుని, కిందికి దిగేది.

టైక్వాండో నేర్పే తాక్ మాస్టారు పొట్టిగా, గట్టిగా, ఊరగాయ జాడీలా ఉంటాడు. గొంతు కూడా జాడీలోంచి వచ్చినట్టే ఉంటుంది. ఆయన "ఒకటి" అంటే పిల్లలంతా ఒక్కసారి కాలు విసిరి నేలమీద దభీమని దించుతారు. "రెండు" అంటే మళ్ళీ. మా పియానోల మీద పెట్టిన బార్లీ టీ గ్లాసులు వణికేవి.

"తాక్ మాస్టారూ, మీ పిల్లలు నేలను తంతున్నారా, నన్ను తంతున్నారా?" అని పిన్ని గుమ్మంలోనే అడిగేది.

"నేలనే టీచర్ గారూ. మిమ్మల్ని తన్నాలంటే ఇంకో అంతస్తు ఎక్కాలి కదా."

"కింద మెత్తటి మ్యాట్లు వేసుకోండని ఎన్నేళ్ళుగా చెబుతున్నాను?"

"మ్యాట్లు వేస్తే పిల్లల కాళ్ళకు బద్ధకం."

"మీ నోటికి కాస్త బద్ధకం వస్తే బాగుండు."

నేను ఆమె వెనకాల నిలబడి మెట్ల వైపు చూస్తూ ఉండేదాన్ని. నాకు ఆయనంటే భయమేం లేదు. పిన్ని పైకి వెళ్ళిపోయాక ఆయన తన పిల్లలకు "ఇప్పుడు కాస్త మెల్లగా తన్నండ్రా" అని చెప్పడం నేను చాలాసార్లు విన్నాను. మెల్లగా తన్నడమెలాగో ఆయనకే తెలియదు గనక అది నాలుగు తన్నుల దాకా నిలిచేది.

కచేరీ ఇంకో పది పన్నెండు రోజులుందనగా ఒక మధ్యాహ్నం తాక్ మాస్టారు చేతులు దులుపుకుంటూ మా అంతస్తుకు వచ్చాడు. ఆయన మా గుమ్మంలో కనపడటం అదే మొదటిసారి.

"టీచర్ గారూ, బోర్డు దించేస్తానని ఒట్టు పెట్టారట."

"మీకెవరు చెప్పారు?"

"ఊళ్ళో నాకు తప్ప అందరికీ మీరే చెప్పారట. నిన్న నాకూ తెలిసింది. అందుకని నా వంతు నేను చేశాను. నేలంతా మందపాటి మ్యాట్లు పరిపించాను. అరచెయ్యంత మందం. ఇక మీ పిల్లలు హాయిగా వాయించుకోవచ్చు."

పిన్ని "ఎప్పుడో చెయ్యాల్సిన పని" అంది. ఆయన వెళ్ళాక తలుపు వేసి, నన్ను చూసి, "చూశావా, చెప్పగా చెప్పగా మనుషులు బాగుపడతారు" అంది. ఆ సాయంత్రం పాటలు పాడుకుంటూ నడవా తుడిచింది. ఆమె నడవా తుడవడం కూడా అదే మొదటిసారి.

పిల్లలొచ్చారు. తలుపులు తెరిచాం. కింద చప్పుడు లేదు. పిన్ని ఆ నిశ్శబ్దాన్ని ఒక క్షణం ఆస్వాదించి చెయ్యెత్తింది.

పాటలో రెండో వరుస దాటేసరికి మూడో గది ముందుకు పోయింది. నాలుగో గది వెనకబడింది. మొదటి గదిలో సెరిన్ అనే పిల్ల, దానికి తప్పు చేయడమంటే గిట్టదు గనక, ఎవరితోనూ సంబంధం లేకుండా తన పాటికి తాను ముగించేసి చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"మళ్ళీ" అంది పిన్ని.

మళ్ళీ అంతే. ఆ రోజు మధ్యాహ్నం పిల్లలకు స్కూల్లో పెట్టిన కూర మంచిది కాదేమోనంది. మర్నాడు వాన వల్ల అంది. ఆ మర్నాడు తాళం లెక్కకు టిక్కుటిక్కుమనే యంత్రాలు నాలుగు తెచ్చి గదికొకటి పెట్టింది. నాలుగింటినీ ఒకేసారి నొక్కాలని నన్నూ, వ్యాన్ డ్రైవరునూ కూడా నిలబెట్టింది. ఎంత జాగ్రత్తగా నొక్కినా నాలుగూ నాలుగు కోళ్ళలా దేని గింజలు అది పొడుచుకున్నాయి. ఆ రాత్రి పిన్ని అన్నం ముందు కూర్చుని, అక్క కొట్లో చేపలు ఏ సైజువి ఏ బుట్టలో వేస్తారని నన్ను అడిగింది. వేళాకోళానికి అడగలేదు. నేను చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది.

మరునాడు సాధన మధ్యలో నేను పియానోల మీది టీ గ్లాసుల వంక చూస్తూ నిలబడ్డాను. ఏదో తేడాగా ఉంది. టీ కదలడం లేదు. అంతవరకే నాకు తెలిసింది. మిగతాది హోయొల్ అనే బుగ్గల పిల్లాడు చెప్పాడు. వాడు కింద టైక్వాండో కూడా నేర్చుకుంటాడు.

"హోయొల్, నువ్వెందుకు ఎత్తుకోలేదు?" అని పిన్ని అడిగింది.

"ఎప్పుడెత్తుకోవాలో తెలియలేదు టీచర్."

"ఇన్నాళ్ళూ ఎలా తెలిసింది?"

"కింద దభీమన్నప్పుడు."

పిన్ని రెండో గదిలోకి తల పెట్టింది. "నువ్వు?"

"నేనూ అంతే టీచర్."

మూడో గదిలోనూ అంతే. నాలుగో గదిలోనూ అంతే. సెరిన్ మాత్రం, "నేను దభీని వినను టీచర్. మీరు వినొద్దన్నారుగా. అది పియానోలోంచి వేళ్ళకు వస్తుంది" అంది.

పిన్ని స్టూలు మీద కూర్చుంది. ఇన్నేళ్ళుగా ఆమె పిల్లలకు తాళం వేసింది తాక్ మాస్టారు. పోయిన ఏడు హాల్లో లేనిది ఆయనే. ఏసీ గాలికి ఏ పాపమూ తెలియదు. ఇప్పుడు ఆ తాళాన్ని, తానే పోట్లాడి పోట్లాడి, అరచెయ్యంత మందం మ్యాట్ల కింద పాతిపెట్టించింది.

మా వైపు ఎవరినైనా ఏదైనా అడగబోతే వట్టి చేతులతో వెళ్ళరు. పిన్ని నన్ను పంపి విటమిన్ రసం సీసాల పెట్టె తెప్పించింది. మెట్ల మీద మూడుసార్లు ఆగింది. మూడోసారి "నువ్వు చెప్పవే" అంది. నేను తల అడ్డంగా ఊపాను. "అవును, నిన్ను పంపితే మ్యాట్లకు కూడా వినపడదు" అని తానే దిగింది.

తాక్ మాస్టారు పెట్టె అందుకుని, అందులో ఏదో ప్రమాదముందేమోనని చూశాడు.

"మాస్టారూ, మ్యాట్లు తీసెయ్యాలి" అంది పిన్ని.

"ఇంకా వినపడుతోందా?"

"వినపడటం లేదు. అదే వచ్చిన చిక్కు." మొత్తం చెప్పింది. ఆయన నవ్వుతాడని ఆమె ముందే ముఖం గట్టిపరుచుకుని నిలబడింది. ఆయన నవ్వలేదు. ఒక సీసా మూత తిప్పి ఆమెకిచ్చాడు, ఇంకోటి నాకిచ్చాడు.

"తీయడం కుదరదు టీచర్ గారూ. జిగురు పెట్టి అతికించారు. పైగా ఒక మాట చెబుతాను, బయట అనకండి. మ్యాట్లు వేసిన రోజు మావాళ్ళు కూడా చెల్లాచెదరయ్యారు. నా కేక విని తంతున్నారనుకున్నాను ఇన్నాళ్ళూ. పక్కవాడి కాలు నేలకు తగిలే చప్పుడు విని తంతున్నారు వెధవలు. నా కేక ఎవడూ వినడం లేదు."

"మరి ఇప్పుడెలా చేస్తున్నారు?"

"ఎదురెదురుగా నిలబెట్టాను. కాలు లేచే ముందు మనిషి ఊపిరి పీలుస్తాడు. భుజాలు లేస్తాయి. అది చూసుకోమన్నాను. మీ పిల్లలు ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటారా?"

పిన్ని సీసాలోకి చూసింది. "వాళ్ళు గోడను చూస్తారు" అంది.

"అయితే పిల్లల్ని ఇక్కడికి తీసుకురండి."

"పియానోలు ఎలా తెస్తాం?"

పియానోలు తేలేదు. కింద హోటలువాళ్ళ దగ్గర నేలమీద కూర్చుని తినే మడత అన్నం బల్లలు నాలుగు తెచ్చాం. వాటిని మ్యాట్ల మీద ఎదురెదురుగా వేసి, బల్లకు ఇద్దరిని కూర్చోబెట్టాం. పిన్ని మధ్యలో మోకాళ్ళ మీద కూర్చుంది. చప్పుడు రాని బల్లల మీద ఎనిమిది మంది పిల్లలు కవాతు పాట మొదలుపెట్టారు. మొదటిసారి ఒకరి ముఖాలు ఒకరు చూసేసరికి అందరికీ నవ్వొచ్చింది. హోయొల్ నాలుక బయటపెట్టి వాయిస్తాడని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. సెరిన్ పెదవులతో లెక్కపెడుతుందనీ తెలియదు. తాక్ మాస్టారు వెనకాల తిరుగుతూ "ఊపిరి, ఊపిరి" అని గద్దించేవాడు. పిన్ని "మీరు అరవకండి, పిల్లలు మళ్ళీ మీ గొంతుకు అలవాటు పడతారు" అంది. ఆయన చేత్తో నోరు మూసుకుని తిరిగాడు. చెవులు ఎర్రబడేదాకా మూసుకున్నాడు.

మూడో రోజుకు ఒక వింత జరిగింది. నిశ్శబ్దం దగ్గర అందరూ ఆగారు. ఎనిమిది జతల భుజాలు ఒక్కసారి లేచాయి. పదహారు చేతులు బల్లల మీద ఒక్కసారి దిగాయి. బల్లల మీద గోళ్ళ చప్పుడు చిన్న వాన జల్లులా ఒక్కటిగా పడింది. పిన్ని మాస్టారి వైపు చూడకుండా, "ఊఁ" అంది. ఆమె దగ్గర అది పెద్ద బిరుదు.

సరిగ్గా అప్పుడే సెరిన్ వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడింది. తల్లులందరి ఫోన్ గుంపుకు ఆమే పెద్ద.

"ప్రిన్సిపాల్ గారూ, మా అమ్మాయి పైన లేదేమిటా అని వచ్చాను. ఇక్కడ భోజనాలా?"

"సాధన."

"దేని మీద?"

"బల్లల మీద."

"కచేరీ వారం రోజుల్లో పెట్టుకుని పిల్లల్ని అన్నం బల్లల ముందు కూర్చోబెట్టారు. అందరికీ ఏమని చెప్పను నేను?"

"ఆకలిగా ఉన్నారని చెప్పండి" అంది పిన్ని. "లేదా ఒక్క నిమిషం చెప్పులు విడిచి కూర్చోండి. చూసి, ఆ తర్వాత చెప్పండి."

ఆమె కూర్చుంది. వాళ్ళు ఇంకోసారి వాయించారు. చప్పుడు లేని పాట కాబట్టి చూడటానికి ముఖాలు తప్ప ఏమీ లేవు. నిశ్శబ్దం దగ్గర భుజాలు లేచినప్పుడు సెరిన్ వాళ్ళమ్మ భుజాలు కూడా లేచాయి. ఆమెకు తెలియదు, నేను చూశాను. గుంపులో ఆమె ఏం రాసిందో గాని, ఎవరూ ఏమీ అడగలేదు.

కచేరీ రోజు హాల్లో జనం నిండుగా ఉన్నారు. అమ్మ కొట్టు కట్టేసి వచ్చింది. ఆమె చుట్టూ రెండు కుర్చీల మేర ఎండుచేపల వాసన వేస్తోంది. నన్ను దగ్గరకు పిలిచి, "మీ పిన్నికి ఒక ఆప్రాను కొనే ఉంచాను. వస్తే వచ్చింది, నాకూ తోడుంటుంది" అంది. ఆమెకు అది కీడు కోరడమని తోచలేదు. చెల్లెలికి చోటు చూపిస్తున్నానని అనుకుంది. తాక్ మాస్టారు సూటు వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. సూటు ఆయన్ని పట్టుకుని కూర్చోబెట్టినట్టుంది.

నేనూ పిన్నీ స్టేజీ పక్క తెర వెనక నిలబడ్డాం. పిల్లలు వెళ్ళి కూర్చున్నారు. ఈసారి పిన్ని పోట్లాడి పియానోలను ఎదురెదురుగా పెట్టించింది. హాలు మనిషి అలా పెడితే జనానికి పిల్లల వీపులు కనపడతాయన్నాడు. "వీపులు చూడటానికే వచ్చారు, ముఖాలు ఇంట్లో చూస్తారు" అంది.

భుజాలు లేచాయి. పాట మొదలైంది.

మొదటి సగం నేను పిల్లల్ని చూడలేదు, పిన్ని ముఖమే చూశాను. అది కదలలేదు. నాలుగు పియానోలూ కలిసి నడుస్తున్నాయి. నిశ్శబ్దం వచ్చింది. పెద్ద హాల్లో ఆ నిశ్శబ్దం మ్యాట్ల మీదకన్నా చాలా పొడుగ్గా ఉంది. నాలుగో పియానో దగ్గర అందరికన్నా చిన్నపిల్ల నగ్యంగ్ తల వంచేసుకుంది. చూడాల్సిన చోట చూడటం లేదు. పిన్ని వేళ్ళు నా మణికట్టు మీద బిగిశాయి. పిల్లలెవరూ ఎత్తుకోలేదు. నగ్యంగ్ తల ఎత్తేదాకా ఏడుగురూ దానివైపే చూస్తూ ఆగారు. పాటలో ఉండాల్సినదానికన్నా ఎక్కువసేపే ఆగారు. ఒకాయన చప్పట్లకు చేతులెత్తి మళ్ళీ దించుకున్నాడు. నగ్యంగ్ తలెత్తింది. అందరూ తననే చూస్తున్నారని చూసింది. ముక్కుతో గట్టిగా ఊపిరి పీల్చింది, అది వెనక వరస దాకా వినపడింది. దానితో పాటు అందరూ పీల్చారు. పదహారు చేతులు ఒక్కసారి దిగాయి.

చివరి దెబ్బ ఒక్కటే పడింది. నాలుగు పియానోలకు కలిపి ఒక్కటి.

"పిన్నీ, వదిలెయ్" అన్నాను.

"ఏంటి, చెయ్యా?"

"ఊపిరి."

ఆమె నిశ్శబ్దం దగ్గర పిల్లలతో పాటు పీల్చిన ఊపిరి ఇంకా వదల్లేదు. ముఖం కందిపోయి ఉంది. వదిలింది. బడి వేళల్లో పిన్నీ అన్నందుకు నన్ను ఏమీ అనలేదు.

పిల్లలు లేచారు. జనానికి నమస్కరించాలని నెల రోజులుగా నేర్పాం. వాళ్ళు మాత్రం మ్యాట్ల మీద సాధన ముగియగానే తాక్ మాస్టారు చేయించి అలవాటైనట్టు ఎదురెదురుగా తిరిగి, ఒకరికొకరు నడుం దాకా వంగారు. చప్పట్లు ఎటు కొట్టాలో జనానికి తెలియలేదు. ముందు వరసలో తాక్ మాస్టారు అసంకల్పితంగా లేచి, సూటు కుట్లు పటపటలాడుతుండగా తానూ వంగాడు. ఆయనను చూసి మా అమ్మ లేచి వంగింది. ఆమెను చూసి చుట్టుపక్కలవాళ్ళు వంగారు. తెర వెనకనుంచి పిన్ని "ఇటు, ఇటు, జనం ఇటున్నారు" అని పళ్ళు బిగించి అరుస్తోంది. ఆ అరుపు వినపడింది నాకొక్కదానికే.

బయట వరండాలో సెరిన్ వాళ్ళమ్మ తల్లులందరినీ వెంటబెట్టుకుని వచ్చింది. చాలా మర్యాదగా గొంతు సవరించుకుంది.

"ప్రిన్సిపాల్ గారూ, అంతా బాగుంది. మరి సోమవారం బడి..." అని ఆపేసింది. మిగతా తల్లులు పిన్ని ముఖం చూస్తూ నిలబడ్డారు. ఈసారి ఒక్కరూ నవ్వడం లేదు.

"సోమవారం ఏముంది?" అంది పిన్ని. "నాలుగింటికి పంపండి. సెరిన్ ఎడమచెయ్యి బద్ధకిస్తోంది, ఎవరూ చూడలేదనుకుంటోంది. నగ్యంగ్‌కు ముక్కు శుభ్రం చేసి పంపమని వాళ్ళమ్మకు చెప్పండి."